“బాగున్నానమ్మా” అంటే నమ్మకండి: మిషన్‌కి వెళ్లే కుర్రాడి మొదటి రోజుల గురించి

ప్రశ్న: మేం బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాం, సొంతూరు రాజమండ్రి దగ్గర. మా చిన్నవాడికి 19. యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం తరఫున ఇంగ్లండ్‌లో రెండేళ్ల మిషన్‌కి పిలుపు వచ్చింది. నెలన్నరలో ప్రయాణం. ఇల్లు వదిలి ఎప్పుడూ ఉండలేదు. మా ఆయన సంఘంలో లేరు, చదువు పాడవుతుందని కోపంగా ఉన్నారు. అక్కడ మొదటి రోజులు ఎలా ఉంటాయి? మేం ఏం సిద్ధం చెయ్యాలి?

సమాధానం:

అక్కా, నేను వెళ్లింది 2011 నవంబర్‌లో. ఇంగ్లండ్ లీడ్స్ మిషన్. అప్పుడు మా ఇల్లు మారతహళ్లిలో. తిరిగొచ్చి ఇక్కడే చదువుకుని, ఇక్కడే ఉద్యోగంలో పడ్డాను. మిషన్‌కి బయలుదేరే కుర్రాళ్లని ఆదివారం సాయంత్రాలు కూర్చోబెట్టుకుని మాట్లాడడం అప్పట్నుంచీ అలవాటైపోయింది. అందుకని మీ ప్రశ్నకి పొట్టిగా చెప్పడం నా వల్ల కాదు, ఓపిగ్గా చదవండి.

సంఘం గురించి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. తెల్లచొక్కా, టై, జేబుమీద నల్ల పేరుబిళ్లతో ఇద్దరిద్దరుగా తిరిగే కుర్రాళ్లని మీరు చూసే ఉంటారు. లోకం వాళ్లని మోర్మన్లు అంటుంది. 2018లో అప్పటి అధ్యక్షుడు రసెల్ నెల్సన్ ఆ ముద్దుపేరు మానేసి సంఘం అసలు పేరే వాడమన్నారు. వాళ్లు ఇల్లిల్లూ తిరిగి సంఘం సంగతి చెప్పే ఆ సేవనే మిషన్ అంటారు. అబ్బాయిలకి రెండేళ్లు, అమ్మాయిలకి ఏడాదిన్నర. జీతం ఉండదు. ఎక్కడికి వెళ్లాలో ఎంచుకునే వీలూ ఉండదు. ఇల్లిల్లూ తిరిగి మతం చెప్పడం తప్పా ఒప్పా అన్న వాదన ఇంకోచోట పెట్టుకుందాం. ఇక్కడ ఒక తల్లి అడుగుతోంది.

మీ భయాలు నాకు తెలుసు: చలి, తిండి, మొహం మీద వేసే తలుపులు. మా అమ్మవీ అవే. మూడింటికీ వారంలో అలవాటుపడిపోతారు. మీవాడికి మొదటి దెబ్బ తగిలేది ఇంకో వైపు నుంచి. ఇరవైనాలుగు గంటలూ పక్కన ఒక మనిషి ఉంటాడు. బాత్రూమ్‌లోకి వెళ్తే తప్ప కనుచూపు దాటకూడదు, మాట వినపడేంత దూరం దాటకూడదు, అదీ నియమం. ఆ మనిషికేమో మీవాడి ముద్దుపేరు తెలీదు, వాడు చిన్నప్పుడు మేడమెట్ల మీంచి పడ్డాడని తెలీదు, ఆకలేస్తే వాడికి మాట రాదని తెలీదు. ఒక్కడే ఉండడానికి వీల్లేదు, ఎరిగినవాళ్లూ లేరు. ఈ రెండూ ఒకేసారి మీదపడేసరికి పందొమ్మిదేళ్ల కుర్రాడు ఉక్కిరిబిక్కిరవుతాడు.

పేరుతోనే మొదలవుతుంది. బయలుదేరే ముందు స్టేక్ (కొన్ని స్థానిక చర్చిలు కలిసిన విభాగం) అధ్యక్షుడు తలమీద చేతులుంచి ప్రార్థించి, మీవాణ్ణి ఈ పనికి ప్రత్యేకిస్తారు. అక్కణ్ణుంచి వాడు ‘ఎల్డర్’. ఎల్డర్ తర్వాత ఇంటిపేరు, అంతే. అమ్మానాన్నలు పెట్టిన పేరు రెండేళ్లు బీరువాలోకి వెళ్లిపోతుంది. మా ఇంటిపేరు పొడుగు, చివర ‘పల్లి’ వస్తుంది. ఇంగ్లండ్‌లో మొదటిరోజే అది సగానికి తెగి ‘ఎల్డర్ పల్లి’ అయింది. అక్కడ చిలకలకి పల్లి అని పేరు పెట్టుకుంటారట, మన చిట్టి చిలకమ్మ లాగా. చర్చిలో చిన్నపిల్లలకి నేను దొరికిపోయాను. ఇప్పుడు నవ్వొస్తోంది గానీ, ఆ మొదటి ఆదివారం చిలకలా కూర్చోలేక, ఎగిరిపోలేక పడ్డ అవస్థ నాకే తెలుసు.

శిక్షణ చోర్లీ అనే ఊళ్లో, ప్రెస్టన్ దేవాలయం ఆవరణలోనే జరిగింది. మా సంఘంలో దేవాలయమంటే ఆదివారం వెళ్లే చర్చి కాదు, ప్రత్యేకమైన పవిత్ర కార్యాలకి కట్టేది. నేను జీవితంలో చూసిన మొదటి దేవాలయం అదే. అప్పట్లో మనదేశం నుంచి సంఘంవాళ్లు డబ్బు కూడబెట్టుకుని హాంకాంగ్ వెళ్లేవారు. బెంగళూరుకి దేవాలయం ప్రకటించింది 2018 ఏప్రిల్‌లో కదా. మంచులో తెల్ల గ్రానైట్ కట్టడం, పైన బంగారు రంగు బొమ్మ. అది చూసి ఏడుపు ఆగలేదు. భక్తి ఎంతో, రెండురోజులుగా నిద్రలేకపోవడం ఎంతో చెప్పలేను. అక్కడ గడిపిన రోజులు సుఖంగానే ఉంటాయి, వాటికి కంగారుపడకండి. వేళకి భోజనం, చుట్టూ ఈడువాళ్లు, పాటలు. అసలు కథ అక్కణ్ణుంచి రైలెక్కించి ఊరికి పంపాక మొదలవుతుంది.

నన్ను బ్రాడ్‌ఫర్డ్ పంపారు. మొదటి పన్నెండు వారాలు నేర్పించడానికి ఒక అనుభవమున్న జతగాణ్ణి ఇస్తారు, ట్రైనర్ అంటారు. నా ట్రైనర్ అమెరికాలో ఐడహో నుంచి వచ్చిన రైతు కొడుకు. ఆరడుగుల పైన ఉంటాడు, రోజుకి పది మాటలు మాట్లాడతాడు. ఉదయం ఆరున్నరకి లేవడం, కసరత్తు, చదువు, పదింటికి వీధిలోకి. నవంబర్ ఆఖరున అక్కడ మధ్యాహ్నం నాలుగు కాకుండానే పొద్దుగూకుతుంది. రాత్రి తొమ్మిదింటిదాకా ఆ చీకట్లోనే తలుపులు కొట్టాలి. మన ఊళ్లో పొద్దుగూకితే ఇంటికి పోతాం. అక్కడ పొద్దుగూకాక ఇంకా ఐదు గంటల పని. ఈ సంగతి నాకు ఎవరూ ముందు చెప్పలేదు. మీవాడు ఏ నెలలో చేరుతున్నాడో చూసుకుని, చలికాలమైతే చెప్పి పంపండి.

తలుపుల గురించి కాస్త చెప్తాను, ఎందుకంటే మీరనుకున్నంత ఘోరం కాదు. చాలామంది “వద్దు నాయనా” అని మర్యాదగా మూసేస్తారు. మొదటిరోజు ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, “మీ దేశానికి యేసు సంగతి చెప్పింది మేమే గదా, నువ్వొచ్చి నాకు చెప్తావా?” అని పగలబడి నవ్వాడు. ఆయన అన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజ్ అని ఇద్దరు కుర్రవాళ్లు లండన్ మిషన్ తరఫున విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. 1810 కల్లా ఇద్దరూ ఇక్కడే పోయారు. పుస్తకం అచ్చయి రావడం కూడా చూళ్లేదు. ఆ పెద్దాయనకి ఈ కథ చెప్పేంత ఇంగ్లిష్ ఆ రోజు నా నోట్లోంచి రాలేదు. “అవునండీ, అప్పు తీర్చడానికి వచ్చాను” అన్నాను. ఇంకా నవ్వాడు, లోపలికి మాత్రం పిలవలేదు.

బ్రాడ్‌ఫర్డ్‌లో మీర్పూర్ నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. నా మొహం చూడగానే ఉర్దూలో మొదలుపెట్టేవారు. నాకొచ్చింది కె.ఆర్. మార్కెట్ హిందీ. అది విని ఆడవాళ్లు లోపల్నుంచి కిసుక్కున నవ్వేవారు. కానీ మంచినీళ్లు ఇవ్వకుండా పంపిన ఇల్లు లేదు.

ఇక టీ. యార్క్‌షైర్‌లో తలుపు తెరిచారంటే టీ కెటిల్ పొయ్యి మీద పెట్టినట్టే. మనకి టీ, కాఫీ నిషేధం. నాతో వచ్చిన అమెరికా కుర్రాళ్లకి వద్దనడం రాక నానా తంటాలు పడేవారు. నాకు మాత్రం నల్లేరు మీద బండి నడక. బెంగళూరులో తెలుగువాళ్ల ఇంట్లో, అందునా మేనత్త ఇంట్లో, ఫిల్టర్ కాఫీ గ్లాసు చేతికొచ్చాక వద్దని బతికి బయటపడ్డవాడికి ఇంగ్లండ్ ముసలమ్మలు ఒక లెక్కా? మీవాడికీ ఈ విద్య వచ్చే ఉంటుంది. కిటుకు ఒకటే: వాళ్లు అడగకముందే మనమే “కాస్త స్క్వాష్ ఉందామ్మా?” అని అడగాలి. మన షర్బత్ లాంటిదే. ఏదో ఒకటి చేతిలో పెట్టాక వాళ్ల మనసు కుదుటపడుతుంది.

ఇప్పుడు అసలు రాత్రి సంగతి. బ్రాడ్‌ఫర్డ్ వచ్చిన మూడోరోజు. ఉదయం నుంచి వాన. బూట్లలోకి నీళ్లు దిగి మేజోళ్లు పిండితే కారుతున్నాయి. కమర్షియల్ స్ట్రీట్‌లో బేరమాడి కొన్న బూట్లు, అడుగు అతికించినవి, ఎడమదాని ముందుభాగం అప్పటికే నోరు తెరిచింది. ఇంటికొచ్చి బాత్రూమ్‌లోకి వెళ్లి, కొళాయి తిప్పేసి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఎంతసేపో తెలీదు. బయటికొస్తే ట్రైనర్ వంటగదిలో నిలబడి ఉన్నాడు. చేతిలో రెండుకిలోల బాస్మతి సంచి. పాకిస్తానీ కొట్లో నాకోసమే కొన్నాడట. “మీవాళ్లు రోజూ ఇదే తింటారటగా. నాకు నేర్పు” అన్నాడు.

అక్కా, నాకు అన్నం వండడం రాదు. పందొమ్మిదేళ్లొచ్చినా మా అమ్మ నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. వచ్చినా ఇంట్లో కుక్కర్ ఉంది, మూడు కూతలు లెక్కపెట్టడమే తెలుసు. అక్కడ పొడుగు పిడి ఉన్న ఒక గిన్నె, పైన సరిపోని మూత. ఎసరెంత పొయ్యాలో తెలీదు, వార్చాలని అసలే తెలీదు. అడుగున మాడింది, మధ్యలో ముద్ద, పైన పలుకు. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే వాడు పళ్లెం నిండా పెట్టుకుని, దానిమీద టమాటా సాస్ పోసుకుని, తల దించుకుని మొత్తం తిన్నాడు. తిన్నాక అన్నాడు: “మా ఊళ్లో బంగాళాదుంపలు పండిస్తాం. నాకు అవీ ఉడకబెట్టడం రాదు.” వచ్చి మూడురోజులైంది, మేమిద్దరం నవ్వుకోవడం అదే మొదలు.

మర్నాడు కంప్యూటర్ దొరికింది. అప్పట్లో వారానికి ఒక ఈమెయిల్, ఏడాదికి రెండుసార్లు ఫోన్, క్రిస్మస్‌కీ మాతృదినానికీ. అమ్మకి రాశాను: “బాగున్నానమ్మా. అంతా బాగుంది. ట్రైనర్ బాగుంటాడు. ఊరు బాగుంది.” చాలా ఏళ్ల తర్వాత మా అమ్మ ఆ ఉత్తరం సంగతి ఎత్తి, “నాలుగుసార్లు బాగుంది అన్నావంటే ఏదో అయిందని అప్పుడే అనుకున్నాను” అంది. అనుకుని, తెల్లవార్లూ కూర్చుందట. నాకా సంగతి తెలీదు, ఆమెకి నా సంగతి తెలీదు.

మీకు ఆ బాధ లేదు. 2019 ఫిబ్రవరి నుంచి ప్రతి వారం, సెలవురోజున, ఇంటికి ఫోన్ గానీ వీడియో కాల్ గానీ చేసుకోవచ్చు. కానీ కాల్ ఉంది కదా అని సగంమంది తల్లులు దాన్ని పాడుచేస్తున్నారు. మొదటి పది నిమిషాలు ఏడుపు, తర్వాతి పది నిమిషాలు “తిన్నావా, చిక్కిపోయావు.” పిల్లాడు అమ్మని ఓదార్చి ఫోన్ పెట్టేస్తాడు. వాడి మాట వాడి దగ్గరే ఉండిపోతుంది. మీరు చిన్నచిన్నవి అడగండి. నిన్న రాత్రి ఎవరు వండారు? జతగాడు గురకపెడతాడా? ఈ వారం ఎవరైనా నవ్వించారా? ఎన్ని గంటలకి నిద్ర పడుతోంది? వివరం చెప్తున్నంతసేపూ ఫర్వాలేదు, అది ఫిర్యాదైనా సరే. “ఈ ఐడహోవాడు గిన్నెలు కడగడమ్మా” అని తిట్టాడంటే సంతోషించండి. “అంతా బాగుంది” ఒక్కటే వారం తర్వాత వారం వస్తుంటే, నిద్ర లేదంటుంటే, అప్పుడు ఊరుకోకండి. మిషన్ అధ్యక్షుడి భార్య మిషనరీల ఆరోగ్యం చూసుకుంటారు, ఆమెకి రాయండి. మీవాడికి కోపమొచ్చినా రాయండి.

ఇక్కడ మా పెద్దవాళ్లతో నాకు చిన్న పేచీ ఉంది. ఏ కుర్రాడు దిగాలుపడినా గార్డన్ హింక్లీ కథ చెప్తారు. 1933లో ఆయన ఇదే ప్రెస్టన్‌కి కొత్త మిషనరీగా వచ్చాడు. ఒకపక్క పుప్పొడికి తుమ్ములు, కళ్లెమ్మట నీళ్లు, ఇంకోపక్క వినేవాడు లేడు. నా కాలమూ మీ డబ్బూ దండగ అని నాన్నకి ఉత్తరం రాశాడు. నాన్న ఒక్క సలహా ఇచ్చాడు: నిన్ను నువ్వు మర్చిపోయి పనిలో పడు. పడ్డాడు. ఆ తర్వాత అరవై ఏళ్లకి పైగా గడిచాక, 1995లో, సంఘానికే అధ్యక్షుడయ్యాడు. గొప్ప కథే, నాకూ ఆ రోజుల్లో పనికొచ్చింది. తలుపులు కొడుతున్నంతసేపూ దిగులు నిజంగానే వెనకపడుతుంది. కానీ దిగులు వేరు, జబ్బు వేరు. రెండువారాలుగా నిద్రపట్టని కుర్రాడికి “పనిలో పడు” అనడం జ్వరమొచ్చినవాణ్ణి పరుగెత్తమన్నట్టుంటుంది. సంఘమే 2013లో దీని మీద చిన్న పుస్తకం వేసింది. ఒత్తిడిని పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని రంగులుగా విడదీసి, ఏ రంగులో ఎవరికి చెప్పాలో రాశారు. వెళ్లేముందు మీరూ మీవాడూ కలిసి చదవండి. ఫోన్‌లో “నేను నారింజలో ఉన్నానమ్మా” అనగలిగితే చాలు, అంతకంటే వివరంగా మగపిల్లలు చెప్పరు.

అలాగే ఇంకొక మాట. “పూర్తిచేసుకునే రా, మధ్యలో వస్తే పరువు పోతుంది” అని ఎవరైనా, బిషప్ గారైనా మేనమామైనా, వాడి ముందు అంటే అక్కడే ఆపండి. ఆరోగ్యం బాగోక ఐదో నెలలో తిరిగొచ్చిన ఒక తమ్ముణ్ణి నేనెరుగుదును. ఊరి నోటికి భయపడి ఆర్నెల్లు చర్చి గుమ్మం తొక్కలేదు.

సర్దుకోవాల్సినవి క్లుప్తంగా చెప్తాను. బూట్లు రెండు జతలు, రబ్బరు అడుగు కుట్టినవి, ఇక్కడే నెల్లాళ్లు వేసుకుని తిరిగి పాదానికి అలవాటు చెయ్యాలి. బ్రిటన్‌లో ఆర్నెల్లకి మించి ఉండాలంటే వీసాకి టీబీ పరీక్ష కావాలి, వాళ్లు గుర్తించిన క్లినిక్‌లోనే చేయించాలి, ఆఖరు వారానికి పెట్టుకోకండి. దుప్పట్లు, స్వెట్టర్లు ఇక్కడ కొనకండి. బెంగళూరు చలికి పనికొచ్చేది అక్కడ బనియన్ లెక్క. వంట మాత్రం నేర్పించండి: అన్నం, పప్పు, ఏదైనా ఒక వేపుడు. కుక్కర్‌లో కాదు, గిన్నెలో.

చదువు విషయంలో మీ ఆయన కోపం సగం న్యాయమే. నేను మొదటి ఏడాది పూర్తిచేసి వెళ్లాను. “రెండేళ్ల తర్వాత వచ్చి రెండో ఏడాదిలో కూర్చో, ఫర్వాలేదు” అని మా కాలేజీలో నోటిమాట అన్నారు. వచ్చేసరికి ఆ మాట అన్నాయన లేడు, సిలబస్ మారింది, మళ్లీ మొదటి ఏడాది కట్టించుకున్నారు. మీవాడు మధ్యలో ఆపి వెళ్తుంటే సీటు సంగతి సంతకం, ముద్ర ఉన్న కాగితం మీద తీసుకోండి. ఆ కాగితం మీ ఆయన చేతికే ఇవ్వండి, ఆయన్నే దాచమనండి. కోపం మీదున్న మనిషికి ఒక పని అప్పజెప్పడం మంచిది.

అన్నట్టు, మన సంఘం తెలుగువాళ్లలో నిలబడింది కూడా ఇలా విదేశం వెళ్లొచ్చినవాళ్ల వల్లే. ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు ఉద్యోగరీత్యా సమోవాలో ఉండగా సంఘంలో చేరారు, 1978లో హైదరాబాద్ వచ్చి సొంత బంధువులకే చెప్పుకున్నారు. 2012లో దేశంలో మొదటి స్టేక్ వచ్చింది ఆ హైదరాబాద్‌లోనే. బంధువులకి చెప్పడం కంటే బ్రాడ్‌ఫర్డ్‌లో తలుపులు కొట్టడం తేలికని నా అభిప్రాయం.

చివరగా, ఇంటికెళ్లగానే మీవాడి పాస్‌పోర్ట్ తీసి ఇంటిపేరు గడిలో ఏం రాసుందో చూడండి. పేరుబిళ్ల మీద పడేది అదే. బెంగళూరులో పుట్టిన మన పిల్లలు చాలామందికి అక్కడ నాన్న పేరు ఉంటుంది. నేను పంపిన కుర్రాళ్లలో ఒకడికి అలాగే ఉంది. వాళ్ల నాన్న కూడా సంఘం మనిషి కాదు, ఏడాదిగా కొడుకుతో మాటల్లేవు. “రెండేళ్లపాటు ఇంగ్లండ్‌లో అందరూ వీణ్ణి మీ పేరుతోనే పిలుస్తారండీ” అన్నాను. ఆయన ఏమీ అనలేదు. దేవనహళ్లి విమానాశ్రయంలో మాత్రం ఆ పేరుబిళ్ల వంకరగా ఉందని రెండుసార్లు సరిచేశాడు.